భోజనాల దగ్గర ఒక తీర్పు

కోర్టు ముద్ర ఉన్న కవరు చూసి హైమావతి జరిమానా అనుకుంది. ట్రామ్‌లో ఎప్పుడైనా టికెట్ మరిచిపోయానా అని ఆలోచిస్తూ దాన్ని వంటింటి గట్టు మీద పెట్టింది. పొంగుతున్న పప్పు కింద మంట తగ్గించింది. అప్పుడు విప్పింది. జరిమానా కాదు. ఆమెను న్యాయమూర్తిని చేశారు.

జర్మనీలో పెద్ద నేరాల విచారణలో చదువుకున్న జడ్జీల పక్కన ఊళ్ళోని మామూలు మనుషులు ఇద్దరు కూర్చుంటారు. వాళ్ళకి చట్టం తెలియక్కర్లేదు, నల్లగౌను అక్కర్లేదు. వాళ్ళని షోఫెన్ అంటారు, ఒక్క స్త్రీ అయితే షోఫిన్. వాళ్ళ ఓటు జడ్జీ ఓటుతో సమానం. ఏడాది కిందట లైబ్రరీ గోడ మీద ప్రకటన చూసి హైమావతి తనే దరఖాస్తు పెట్టింది. పెట్టి మరిచిపోయింది.

బాపట్లలో పుట్టిన మనిషి. పెళ్ళయిన ఏడాదికి డార్మ్‌స్టాట్ వచ్చి, భాష నేర్చుకుని, ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరి, అక్కడే రిటైరయింది. బయటికి వెళ్ళబోయే మాత్రల్ని ఆపి చూడటం ఆమె పని. రంగు సరిగ్గా ఉన్నా నమ్మకూడదు. బరువు సరిపోయినా నమ్మకూడదు. పై అధికారి సంతకం ఉన్నా కరిగించి చూడాలి. అనుమానం ఆమెకి అవలక్షణం కాదు, ఉద్యోగం. ఉద్యోగం అయిపోయాక అది ఇంటికొచ్చి కూర్చుంది. కూరలవాడు వంకాయ మీద ఒట్టేసినా కాడ విరిచి చూస్తుంది. తాళం వేసి నాలుగడుగులు నడిచి వెనక్కొచ్చి లాగి చూస్తుంది.

భర్త మధుసూదనరావు మానసిక వైద్యుడు. నేరాలు చేసిన రోగుల్ని ఉంచే ఆస్పత్రిలో చాలాకాలం పనిచేశాడు. ఇంటికెవరైనా వస్తే ఒకే మాట చెప్పి తనే నవ్వుకునేవాడు.

"మా ఇద్దరిదీ అనుమానాల వ్యాపారమేనండీ. ఆవిడ మందుల్ని అనుమానించింది. నేను అనుమానించేవాళ్ళకి మందులిచ్చాను."

మొదటి ఏడాది కోర్టులో దొంగతనాలు, కొట్లాటలు వచ్చాయి. రెండో ఏడాది మేయర్ హత్య వచ్చింది.

ఓడెన్‌వాల్డ్ కొండల్లో ఒక చిన్న ఊరు. అక్కడి మేయరు మూతపడిన బడిని శరణార్థుల కోసం తెరిపించాడు. శనివారం సంతలో కూరలు కొనుక్కుంటుంటే జాండర్ అనే మనిషి వెనకనుంచి వచ్చి కత్తితో పొడిచాడు. జాండర్ ఆ ఊరివాడే. బడి తెరవకూడదని అట్ట పట్టుకుని వీధుల్లో తిరిగాడు. మేయర్ని దేశద్రోహి అని రాశాడు. పట్టుకున్నాక మాత్రం పోలీసులతో బడి ఊసే ఎత్తలేదు. వీధిలో కొత్తగా పెట్టిన దీపాల గురించి చెప్పాడు. ఆ దీపాల నుంచి మేయరు తన ఇరుగుపొరుగువాళ్ళకి ఆజ్ఞలు పంపుతున్నాడని, తనని చంపమంటున్నాడని, అంతకు ముందే తను చంపవలసి వచ్చిందని చెప్పాడు.

అది రాజకీయ హత్య, పిచ్చి అనేది వేసుకున్న చొక్కా అని ప్రభుత్వ వకీలు. అది జబ్బు, రాజకీయం దాని మీద అంటుకున్న దుమ్ము అని జాండర్ వకీలు. మొదటిది నిజమైతే యావజ్జీవం. రెండోది నిజమైతే శిక్షే లేదు. తాళం వేసిన ఆస్పత్రి ఉంటుంది, డాక్టర్లు సరేనన్న రోజు తలుపు తెరుచుకుంటుంది. పత్రికలు దీన్ని చారిత్రక విచారణ అన్నాయి. కెమెరాలు మెట్ల మీద కాపు కాశాయి.

పీఠం మీద ఐదుగురు. ముగ్గురు జడ్జీలు, హైమావతి, బస్సు డ్రైవరు రోలాండ్. ఐదుగురిలో నలుగురు ఒప్పుకుంటేనే మనిషి దోషి అవుతాడు. షోఫెన్‌కి ముందుగా కాగితాలేవీ చూపించరు. హాల్లో చెవిన పడిందే లెక్క. ప్రధాన న్యాయమూర్తి మొదటి రోజే ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. చివరి మాట వినేవరకూ మనసు తేల్చుకోకూడదు. బయట నోరు విప్పకూడదు.

"మీ ఆయన వృత్తి నాకు తెలుసు, ఫ్రావ్ రావ్. ఇంట్లో కూడా వద్దు."

హైమావతి ఆ రోజే భర్తకి చెప్పింది. ఆయన తలూపాడు. అప్పటినుంచి భోజనాల బల్ల మీద ఉప్పూ ఊరగాయా వర్షమూ తప్ప వేరే మాట లేదు. ఒకరి ఆలోచన ఒకరికి తెలియకుండా నడుచుకోవడం ఆ వయసులో కొత్తగా నేర్చుకున్నారు. అన్నం వడ్డిస్తూ ఆయన ఆమె ముఖంలోకి చూసేవాడు. ఆమె గిన్నెలోకి చూసేది.

హాల్లో ఆమె జాండర్‌నే చూసేది. చక్కగా దువ్విన తల. మడత నలగని చొక్కా. విరామంలో అంగీని కుర్చీ వెనక జాగ్రత్తగా తగిలించేవాడు. పిచ్చివాడికి ఇంత ఒద్దికా అనుకుంది. ఒక రోజు ఇంకొకటి చూసింది. కోర్టు పిలిపించిన మానసిక వైద్యుడు పక్క బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నాడు. ఆ డాక్టరు తలెత్తినప్పుడు జాండర్ పెదవులు కదులుతున్నాయి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. డాక్టరు తల దించి రాసుకోగానే పెదవులు ఆగిపోతున్నాయి. పొద్దున చూసింది. భోజనం తర్వాత చూసింది. మర్నాడు కూడా చూసింది. మాత్రని నీళ్ళలో వేసి, అది కరగకపోవడం చూసినట్టు, లోపల ఏదో తృప్తిగా గట్టిపడింది. అప్పటికి డాక్టరు ఇంకా సాక్ష్యం చెప్పనే లేదు.

ఆ వారం ఆదివారం మధ్యాహ్నం నిసార్ వాళ్ళు భోజనానికి వచ్చారు. నిసార్‌ది హైదరాబాద్, మెహదీపట్నం. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించి దించే విభాగంలో సూపర్‌వైజరు. హైమావతిని మొదటి రోజునుంచీ అక్కా అనే పిలిచాడు. మాంసం అతను తెస్తాడు, వంట ఆమెది. వెంట భార్య నజ్మున్నీసా వచ్చింది. తెలుగు సంఘం కార్యదర్శి రత్నకుమారి కూడా వచ్చింది. గోంగూర వండుతున్నారని తెలిస్తే ఆవిడని పిలవక్కర్లేదు.

"అక్కా, ఒకటి అడుగుత. కోపం చెయ్యద్దు," అన్నాడు నిసార్.

"కోర్టు సంగతి తప్ప ఏదైనా అడుగు."

"గదే అడగాలె గదా మరి! మా షిఫ్టుల అందరిదీ అదే ముచ్చట. పిచ్చని చెప్పి వాన్ని ఇడ్సిపెడ్తరంట."

"విడిచిపెట్టరయ్యా, ఆస్పత్రిలో పెడతారు," అన్నాడు మధుసూదనరావు. అంటూనే భార్య వైపు చూసి ఆగిపోయాడు.

"మా న్యాయమూర్తిగారిని కదిపి లాభం లేదు నిసార్," అంది రత్నకుమారి. "ఆవిడ పప్పులో ఉప్పు కూడా సాక్ష్యం లేకుండా వెయ్యదు. తిని చూడు, చప్పగా లేదూ?"

నిసార్ నవ్వలేదు.

"తెల్లోడు చంపితే పిచ్చి అంటరు సార్. గదే మావోడు చంపిండనుకో. ఏ డాక్టరన్న వస్తడా? ఖాందాన్ మొత్తం టీవీల కూసుంటది. ఆ మేయరు ఎవరి కోసం సచ్చిండు? మా అసొంటోళ్ల కోసమే గదా. పొద్దుగాల డ్యూటీకి పోతే నన్ను జూస్తరు, నా బ్యాగు జూస్తరు. నేనేం చేసిన?"

"తిననియ్యుండ్రి గదా అక్కని," అంది నజ్మున్నీసా.

నిసార్ పళ్ళెంలో చెయ్యి ఆగిపోయి ఉంది. హైమావతి ఆ చేతిని చూసింది. అతన్ని అంత చిన్నబోయిన ముఖంతో ఎన్నడూ చూడలేదు.

"పిచ్చీ లేదు గిచ్చీ లేదు," అంది. "నటిస్తున్నాడు. నేను కళ్ళారా చూశాను. నువ్వు తిను."

జర్మన్‌లో అయితే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు. జర్మన్ కోర్టు భాష, ఆఫీసు భాష, ఆచితూచి వాడే భాష. తెలుగు అలా కాదు. ట్రామ్‌లో ఎదురుగా కూర్చున్నావిడ టోపీ గురించి, డాక్టరు చేతకానితనం గురించి, పక్కింటివాళ్ళ పెళ్ళి గురించి ఆమె ఇన్నేళ్ళూ తెలుగులో గట్టిగానే మాట్లాడింది. ఎవరూ తల తిప్పలేదు. తెలుగులో అన్న మాట ఈ దేశంలో అన్నట్టే కాదని ఆమెకే కాదు, అక్కడున్న అందరికీ అలవాటు.

నిసార్ తినడం మొదలుపెట్టాడు. మధుసూదనరావు మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఎనిమిది రోజుల తర్వాత, సోమవారం కోర్టు మొదలవగానే జాండర్ వకీలు లేచాడు. షోఫిన్ హైమావతి రావు పక్షపాతి అని, ఆమెను పీఠం మీదనుంచి తీసెయ్యాలని అన్నాడు. ఫలానా ఆదివారం, తన ఇంట్లో, అతిథుల ఎదుట, ఆమె మాతృభాషలో ఇలా అన్నదని చెప్పి కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"పిట్‌షీ లేడు," అని చదివాడు. "నటిస్టునాడు."

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. హైమావతికి మాత్రం అర్థమైంది. ముప్పైతొమ్మిదేళ్ళలో ఆ దేశంలో తెల్లవాడి నోట తెలుగు మాట వినడం అదే మొదలు. అది తన మాట. వకీలు దాన్ని జర్మన్‌లో కూడా చెప్పాడు. తప్పు లేదు. ఉన్నది ఉన్నట్టే దింపాడు.

విచారణ ఆపారు. ప్రధాన న్యాయమూర్తి ఆమెను లోపలి గదికి పిలిచింది.

"ఇందులో చెప్పినవాళ్ళ పేరు లేదు, ఫ్రావ్ రావ్. సాక్ష్యంగా మీ సమాధానాన్నే కోరాడు. వకీళ్ళు అలా చెయ్యవచ్చు. గురువారంలోగా రాసివ్వండి. ఇతరుల మాట నేను వినను. మీరు ఏది రాస్తే దాని మీదే నిర్ణయిస్తాం."

అవునని రాస్తే ఆమె దిగిపోవాలి. మొదటి రోజునుంచీ పక్కన కూర్చుని వింటున్న అదనపు షోఫిన్, పిల్లల బడి టీచరు, ఆమె కుర్చీలోకి వస్తుంది. ఐదింటిలో ఒక ఓటు మారుతుంది. కాదని రాస్తే ఉంటుంది. ఎదురు చెప్పగలిగినవాళ్ళు నలుగురు. వాళ్ళలో ఒకరు చెప్పేశారు.

ఎవరు?

ట్రామ్ దిగకముందే రత్నకుమారి ఫోన్ చేసింది.

"ఏంటమ్మా హైమావతిగారూ, ఇదేం గొడవ! వార్తల్లో వచ్చింది. ఎవరు చెప్పుంటారో, వాళ్ళ నోరు పడిపోను."

"మీకెలా తెలిసింది అంత తొందరగా?"

"అదేంటమ్మా, ఊరంతా చూస్తుంటే!"

"మీ అల్లుడు ఏదో వకీలు ఆఫీసులో అన్నారు కదూ?"

అటువైపు ఒక్క క్షణం ఏమీ వినపడలేదు.

"కంప్యూటర్లు బాగుచేస్తాడమ్మా. అది కూడా స్టుట్‌గార్ట్‌లో. నన్నడుగుతున్నారా మీరు? ఉగాది కవి సమ్మేళనంలో మీకు మైకు ఇవ్వలేదని మనసులో పెట్టుకున్నారా?"

ఫోన్ పెట్టేశాక హైమావతి ఆ ఒక్క క్షణం గురించే ఆలోచించింది. తప్పు చెయ్యనిది ఎందుకు ఆగుతుంది? కవి సమ్మేళనం ఎందుకు గుర్తొచ్చింది?

సాయంత్రానికి ఆ అనుమానం పలచబడింది, ఇంకొకటి చిక్కబడింది. నిసార్ ఫోన్ చెయ్యలేదు. ఆమె పంపిన సందేశం చూశాడు, జవాబు లేదు. అతని కూతురు ఇల్మా లా చదువుతోంది. శిక్షణ కోసం ఏదో వకీలు దగ్గర చేరిందని నజ్మున్నీసాయే చెప్పింది. ఏ వకీలో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఆ రోజు కోర్టు సంగతి ఎత్తింది ఎవరు? వద్దన్నా వినకుండా అడిగింది ఎవరు? చెయ్యి పళ్ళెంలో ఆపి, ముఖం చిన్నబుచ్చుకుని, ఆమె నోటినుంచి ఆ మాట లాగింది ఎవరు?

భర్త టీ తెచ్చి పక్కన పెట్టాడు. కోర్టు గురించి ఏమీ అడగలేదు. ఒప్పందం ప్రకారం అడగకూడదు. టీవీలో చెప్పాక కూడా అడగకపోవడం వింతే. ఆ వింతని ఆమె అప్పుడు పట్టించుకోలేదు. కళ్ళు నిసార్ మీదే ఉన్నాయి.

మర్నాడు పొద్దున రైలెక్కి ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది. నిసార్ షిఫ్టు దిగి బయటికి వచ్చాడు. పసుపు జాకెట్టు విప్పకుండానే ఎదురుగా కూర్చున్నాడు. రెండు కాఫీలు తెచ్చాడు.

"రాత్రంత డ్యూటీ అక్కా. ఫోన్ జూసిన గని ఏం రాయాల్నో సమజ్ కాలే. బాధైతుంది నాకు. నా వల్లనే గదా గా మాటన్నవ్."

"ఇల్మా ఎలా ఉంది?"

"మంచిగనే ఉంది."

"ట్రైనింగు ఎక్కడన్నావు?"

"ఎందుకు?"

"ఊరికే."

నిసార్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. ఆమె ముఖంలోకి చూశాడు. అతనికి అర్థమైంది. అర్థమైందని ఆమెకూ తెలిసింది.

"అద్దె ఇళ్ల కేసులు జూసే మేడమ్ దగ్గర. కిరాయిలు, ఖాళీ చేయించుడు, గవ్వే. ఇంకేమన్న అడుగుతవా?"

"నిసార్..."

"వాడు జైలుకు పోవాలె అని నేనే అంటి. నువ్వు కుర్సీల ఉంటెనే పోతడని నాకెర్క. నేనెట్ల దించుత నిన్ను? చిన్న లెక్క గదక్కా. నీకు రానిదా? కానీ నువ్వు లెక్క జూస్కోని రాలే. నా మొఖం జూస్కోని వచ్చినవ్."

అతను లేచాడు. కాఫీ అలాగే ఉంది.

"డ్యూటీలోళ్లు అనుమానపడితె నాకు అలవాటే. నువ్వు కూడనా?"

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పొలాలు, గోదాములు, మళ్ళీ పొలాలు. నిసార్ చెప్పిన లెక్క నిజమే. ఒకటో తరగతి పిల్లకి కూడా తడుతుంది. తనకి తట్టలేదు. అతను జవాబివ్వకపోవడం నిజం. ఇల్మా లా చదవడం నిజం. ముందు మాటెత్తింది అతనే అన్నదీ నిజం. అన్నీ నిజాలే. వాటిని వరసగా పేర్చింది మాత్రం తను.

జాండర్ వీధిలో దీపాలు మార్చడం కూడా నిజం. ఊరి ఇంజనీరు వచ్చి సాక్ష్యం చెప్పాడు. పక్కింటివాళ్ళు కిటికీకి కొత్త తెర వేసుకోవడం నిజం. మేయరు ఆ వీధిలో రెండుసార్లు ఆగడం నిజం. జాండర్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చెప్తుంటే ఆమె చేతులు కట్టుకుని విన్నది. ఎంత బాగా అల్లాడు అనుకుంది. అల్లాడు అనే అనుకుంది.

అయినా ఆమె అతన్ని నమ్మలేదు. ఆ పెదవులు తను చూసింది. అయితే ఆ పెదవుల్ని ఏ వరసలో పెట్టిందో ఇప్పుడు గుర్తు చేసుకుంటే, వాటికి ముందే వరస సిద్ధంగా ఉన్నట్టు అనిపించింది. దువ్విన తల, మడత నలగని చొక్కా, అంగీ. ఎక్కడ మొదలుపెట్టింది?

ఇంటికి చేరేసరికి మధుసూదనరావు వంటింట్లో చిక్కుళ్ళు ఈనె తీస్తున్నాడు. ఎప్పుడూ ఆ పని చెయ్యడు.

"నిసార్ ఫోన్ చేశాడు," అన్నాడు. "వాణ్ణి అనుమానించావట."

"అయితే?"

"వాడు కాదు హైమా. నేను."

ఆమె చేతిసంచి ఇంకా భుజాన్నే ఉంది. దించలేదు.

"పోయిన బుధవారం ఆ వకీలుకి ఫోన్ చేశాను. నా పేరు బయట పెట్టొద్దన్నాను. నువ్వన్న మాట అక్షరం అక్షరం చెప్పాను, తప్పు రాయకూడదని."

"నాతో చెప్పొచ్చుగా."

"మాట్లాడుకోకూడదనే గదా ఒప్పందం."

"వకీలుతో మాట్లాడొచ్చా?"

ఆయన చిక్కుడుకాయ వైపు చూశాడు.

"డాక్టరు చూస్తే పెదవులు కదుపుతున్నాడు, చూడకపోతే ఆపుతున్నాడు. అదేగా నువ్వు చూసింది?"

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కళ్ళారా చూశానని నువ్వన్నావు. చూడ్డానికి ఏముంటుందో నాకు తెలుసు. నా ఎదుట అలా చేసినవాళ్ళని చాలామందిని చూశాను. జబ్బున్నవాడూ నటిస్తాడు హైమా. లేనట్టు నటిస్తాడు. ఉన్నదానికంటే ఎక్కువున్నట్టూ నటిస్తాడు. తన మాట ఎవరూ నమ్మడం లేదని తెలిసినప్పుడు మరీ నటిస్తాడు. నటించాడు కాబట్టి జబ్బు లేదనడానికి లేదు."

"అది చెప్పడానికి కోర్టు డాక్టరున్నాడు. మీరెవరు?"

"ఆయన నోరు తెరవకముందే నువ్వు తేల్చేశావు. ఇక ఆయన ఎవరికి చెప్తాడు?"

హైమావతి ఆయన్ని చూసింది. చాలా ఏళ్ళుగా చూస్తున్న ముఖం. మొదటిసారి దాన్ని వంకాయలా కాడ విరిచి చూడాలనిపించింది.

"మీరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మీ మాట మీద మనుషుల్ని లోపల పెట్టారు, బయటికి పంపారు. ఇప్పుడు నా మాట మీద పెడుతున్నారని కాదు గదా మీ బాధ?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. అబద్ధమాడే మనిషి అయితే వెంటనే ఇచ్చేవాడు. లేదా అలా అనిపించాలనే ఆగాడేమో.

"అదీ ఉందేమో," అన్నాడు. "వెతికితే దొరుకుతుంది."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వు కాదని రాస్తే నేను బయటికి రాను. కోర్టులో నిలబడనని వకీలుకి ముందే చెప్పాను. నిసార్ చెప్పడు. రత్నకుమారికి నిన్నటినుంచీ కోపమే గానీ, ఆవిడా చెప్పదు. నువ్వు ఏది రాస్తే అది నిలుస్తుంది."

"అంటే మీరు నన్ను దింపి, మళ్ళీ ఎక్కే మెట్లు కూడా చూపిస్తున్నారా?"

"నేను చెప్పాల్సింది చెప్పాను. మిగతాది నీది."

ఆ రాత్రి ఇద్దరూ చిక్కుడుకాయ కూర తిన్నారు. ఉప్పు సరిపోయిందో లేదో ఎవరూ అనలేదు.

మర్నాడు ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఒక వాక్యం రాసింది. అటువంటి మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. మంచి జర్మన్ వాక్యం. అందులో అబద్ధం పట్టుకునేందుకు పిడి లేదు. ఇంట్లో నలుగురున్నారు, వంట హడావుడి ఉంది, వయసు కూడా అయింది. ఎవరు కాదంటారు? అది రాస్తే ఆమె కుర్చీ ఆమెకే ఉంటుంది. నిసార్ కోరింది జరగవచ్చు. చనిపోయిన మేయరు భార్య రోజూ మొదటి వరసలో కూర్చుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. ఆమె కోరిందీ బహుశా అదే.

వాక్యాన్ని మళ్ళీ చదివింది. ఆ రెండేళ్ళలో ఆ వాక్యాన్ని సాక్షుల నోట చాలాసార్లు విన్నది. సైకిలు దొంగ అన్నాడు. తాగి అన్నని కొట్టినవాడు అన్నాడు. జాండర్‌కి కత్తి అమ్మిన కొట్టువాడు కూడా అన్నాడు. ఒక్కసారి కూడా ఆమె నమ్మలేదు. రోలాండ్ వైపు ఓరగా చూసి పెదవి విరిచేది.

వాక్యం చెరిపేసింది. వేరేది రాసింది.

ఆ మాట నేను అన్నాను. ఆ రోజుకి వైద్యుడి సాక్ష్యం నేను వినలేదు. నేడు కూడా ముద్దాయిని చూసినప్పుడు అతని మాట వినడానికి ముందు అతనిలో నటన వెతుకుతున్నాను. ఇది మానగలనని నాకు నేను హామీ ఇచ్చుకోలేకపోతున్నాను.

చెప్పిందెవరో రాయలేదు. ఎవరూ అడగలేదు.

శుక్రవారం నిర్ణయం వచ్చింది. వకీలు అడిగింది ఒప్పుకున్నారు. హైమావతి లేచింది. రోలాండ్ బల్ల కిందనుంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి నొక్కాడు. టీచరు పక్కకుర్చీలోంచి జరిగి ఆమె కుర్చీలో కూర్చుంది, కుర్చీ ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది. పత్రికలు రెండు మాటలు రాశాయి. ఒకటి, వలసవచ్చిన షోఫిన్ పక్షపాతం. రెండోది, షోఫిన్ నిజాయితీ. ఆమె రెంటినీ నమ్మలేదు.

విచారణ ఆగలేదు. ఆమె జనంతో పాటు వరసలో నిలబడి, సంచి తనిఖీ చేయించుకుని, వెనక బెంచీల్లో కూర్చునేది. ఇక ఎవరూ వద్దనలేరు. వైద్యుడి సాక్ష్యం అక్కడినుంచే విన్నది. అతను చెప్పిందాంట్లో భర్త చెప్పిందే చాలా ఉంది. ఇద్దరూ ఒకే చదువు చదివారు కాబట్టా, నిజం కాబట్టా, తెలియలేదు. అక్కడినుంచి జాండర్ వీపు మాత్రమే కనిపిస్తుంది. వీపులో ఏమీ కనిపించదు.

మధుసూదనరావు రాలేదు. వస్తానని అడగనూ లేదు. సాయంత్రం ఆమె తలుపు తీస్తే కుర్చీలోంచి లేచేవాడు. వాళ్ళిద్దరి మధ్యా ఒప్పందం ముగిసిపోయింది, ఇక ఎంతైనా మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకోలేదు. ఆయన ఫోన్ మోగితే ఎవరని ఆమె అడిగేది కాదు. మోగడం ఆగేవరకూ మాత్రం చేస్తున్న పని ఆపేది.

వేసవి సెలవుల ముందు తీర్పు వచ్చింది. చంపింది జాండరే. చంపినప్పుడు అతను తన చేతికి బాధ్యుడు కాడు. శిక్ష లేదు. ఆస్పత్రి. ఐదుగురిలో ఎవరు ఎటు అన్నారో ఎవరికీ చెప్పరు. పీఠం మీద నలుగురు నేలచూపులు చూస్తున్నారు. టీచరు మాత్రం సూటిగా ముందుకి చూస్తోంది. ఆ చూపు ఎటు ఓటుదో హైమావతి చదవబోయి ఆగింది. మేయరు భార్య లేచి వెళ్ళిపోయింది. తలుపు మెల్లగా మూసింది.

బయట మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. నిసార్. ఎయిర్‌పోర్టులో కలిసిన రోజు తర్వాత అతను చెయ్యడం అదే.

"ఇన్నవా అక్కా?"

"లోపలే ఉన్నాను. నిసార్, ముందు ఒక మాట చెప్పాలి. ఆ రోజు నేను..."

"వద్దు. వకీలుకి చెప్పింది తనే అని సార్ అప్పుడే చెప్పిండు. నువ్వు రైల్ల ఉన్నప్పుడే." గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు. "గది ఇడ్సిపెట్టు. ఒకటి చెప్పు. ఇప్పుడైతే నువ్వు కుర్సీల లేవు. ఎవ్వడు ఏమనడు. వాడు పిచ్చోడేనా?"

హైమావతి గోడ పక్కకి జరిగి నిలబడింది. కెమెరాలవాళ్ళు వకీలు చుట్టూ మూగుతున్నారు.

"నేను సగమే విన్నాను నిసార్."

"ఎన్క కూసోని మొత్తం ఇన్నవ్ గదా?"

"చెవులతో విన్నాను. తేల్చాల్సిన చోట కూర్చుని వినలేదు. నాకు తెలియదు."

అవతల సామాన్ల బండ్లు కదులుతున్న చప్పుడు. ఎవరో అతన్ని పేరుపెట్టి పిలిచారు. అతను పలకలేదు.

"నిజంగనే తెల్వదా?" అన్నాడు. "నాకు చెప్పొద్దని అంటున్నవా?"

"నిజంగానే."

ఎవరో అతన్ని మళ్ళీ పిలిస్తే, వస్తున్నానన్నాడు. తర్వాత "సరే అక్కా," అని ఫోన్ పెట్టేశాడు. అతను నమ్మాడో లేదో ఆమెకి తెలియలేదు.